తిరుపతి నీళ్ళను తిట్టేముందు దద్దుర్ల లెక్క చూడండి

"ఆర్నెల్ల కింద తిరుపతికి మారాం. ఇంట్లో ఇద్దరికి ఒళ్ళంతా దద్దుర్లు, ఒకరికి పెదవి కూడా వాచింది. పక్కింటావిడకూ ఇదే బాధట. ఇక్కడి నీళ్ళ వల్లేనా? అసలు ఇది ఎంతమందికి వస్తుంది?" అని అడిగారు.

ముందు నీళ్ళ సంగతి. ఒంటికి నీళ్ళు తగిలితే చాలు దద్దుర్లు లేచే జబ్బు ఒకటి నిజంగానే ఉంది. కానీ ప్రపంచం మొత్తంలో డాక్టర్లు రాసిపెట్టిన కేసులు వందల్లోనే ఉంటాయి. అది మీ ఇంట్లో ఇద్దరికీ, గోడవతల ఇంకొకరికీ ఒకేసారి వచ్చే మాట కల్ల. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే చర్మం పొడిబారి జిలపెడుతుంది, అది వేరే.

ఇక లెక్క. జీవితంలో ఒక్కసారైనా దద్దుర్లు వచ్చేవాళ్ళు నూటికి 15 నుంచి 20 మంది. 3 లక్షల జనం ఉన్న ఊరనుకుంటే 45 వేల నుంచి 60 వేల మంది. ఇందులో ఎక్కువమందికి నాలుగు రోజులో, రెండు వారాలో ఉండి పోతుంది. ఆరు వారాలు దాటినా వస్తూ పోతూ ఉంటే దాన్ని దీర్ఘకాలికం అంటారు. అలాంటివాళ్ళు ఏ రోజు లెక్కపెట్టినా నూటికి అర నుంచి ఒకరు, అంటే అదే ఊళ్ళో 1,500 నుంచి 3,000 మంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు, అదీ ఎక్కువగా 20 - 40 ఏళ్ళ మధ్య. కాబట్టి ఒకే వీధిలో ముగ్గురున్నారంటే వింతేమీ లేదు. పిల్లలకైతే జలుబు, జ్వరం వెనకాలే దద్దుర్లు రావడం మామూలు. నింద మాత్రం అప్పుడు వాడిన యాంటీబయాటిక్ మీద పడుతుంది.

ఈ లెక్కలు కూడా తక్కువేనని నా అభిప్రాయం. ఎందుకంటే దద్దురు డాక్టరు దాకా రాదు. చర్మం ఓపీలో రోజూ కనబడేదే: చూపించుకోవడానికి వచ్చిన ఒకామె చెయ్యి చాపుతుంది, చెయ్యి నున్నగా ఉంటుంది. "తెల్లార్తో లేస్తానే ఇంతింత లావు ఉండింది మేడమ్, ఆటో ఎక్కేలోపల పోయింది" అంటుంది. పక్కనున్న మొగుడు అదోలా చూస్తాడు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం, అసలు జబ్బు లక్షణమే అది. ఒక్కో దద్దురు లేచినచోట 24 గంటలు మించి ఉండదు, మచ్చ మిగల్చకుండా పోయి ఇంకోచోట లేస్తుంది.

అందుకే కొత్తగా లేచిన దద్దురు అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాసి, ఫోటో తీసుకోండి. మర్నాడు అదే టైముకు చూడండి. గీత లోపల ఖాళీగా ఉంటే దద్దురే. అక్కడే ఉండి, దురదకంటే నొప్పి ఎక్కువగా ఉండి, తగ్గాక కమిలిన మచ్చ మిగిలితే అది రక్తనాళాల వాపు కావచ్చు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సి వస్తుంది. మామిడి కోతల్లో సొన పడి కాలిన పొక్కులు, వయ్యారిభామ వల్ల మొహం మీద వచ్చే కందుడు కూడా రోజుల తరబడి అక్కడే ఉంటాయి. చిత్తూరు వైపు వాటన్నిటినీ కలిపి "అలర్జీ" అనేస్తారు, మందు మాత్రం ఒకటి కాదు.

కారణం వెతకడంలో జరిగే పొరపాటు ఎలా ఉంటుందో చూడండి. ఒకాయన అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతాడు. మోకాళ్ళ పర్వతం దాటేసరికి కాళ్ళు పట్టేస్తాయి. గదికి రాగానే డైక్లోఫెనాక్ మాత్ర ఒకటి వేసుకుంటాడు. దర్శనం అవుతుంది, లడ్డూ తింటాడు. రాత్రి నడుం దగ్గర, బ్యాగు పట్టీ ఒత్తిన భుజం మీద దద్దుర్లు, తెల్లారేసరికి పై పెదవి బన్నులా. ఇంటిల్లిపాదీ లడ్డూలో జీడిపప్పును పట్టుకుంటారు. ఆయన పుట్టినప్పటినుంచీ జీడిపప్పు తింటూనే ఉన్నాడు. మాత్ర సంగతి అడిగితే తప్ప చెప్పడు, నొప్పిమాత్ర మందుల లెక్కలోకే రాదు మనవాళ్ళకి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ జాతి మాత్రలు దద్దుర్లను రేపుతాయి, ఉన్నవాళ్ళకు ఎక్కువ చేస్తాయి. వీళ్ళకు పారాసిటమాల్ మేలు. బట్ట, పట్టీ గట్టిగా ఒత్తినచోట కొన్ని గంటలు ఆలస్యంగా లేచే రకం కూడా ఉంది. మెట్లెక్కి చెమట పట్టగానే ఆవగింజలంత గింజలు లేచి గంటలోపు పోయే రకం మరొకటి. కొండమీద చలికాలం తెల్లవారుజామున చన్నీళ్ళకు లేస్తే చలి రకం. వీళ్ళు చెరువులో, బావిలో దూకకూడదు, ఒళ్ళంతా ఒక్కసారే లేచి బీపీ పడిపోతుంది.

ఇక్కడ ఒక గోడు. ఆరు వారాలు దాటిన దద్దుర్లకు తిండి కారణం కావడం చాలా తక్కువ. అయినా వంకాయ, గోంగూర, గుడ్డు, ఎండుచేప, చెనిగ్గింజల ఊరిబిండి ఒక్కొక్కటీ తీసేసి దద్దుర్లున్నామె చేత వట్టి పెరుగన్నం తినిపిస్తారు. పైన వేలకు వేలు పోసి వంద రకాల అలర్జీ పరీక్ష. రిపోర్టులో పది వాటికి గీత పడుతుంది, అవన్నీ ఆమె రోజూ తిని అరిగించుకుంటున్నవే. మొదట కావలసింది రక్తకణాల లెక్క, ఒంట్లో వాపు ఉందేమో చూపే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ రక్తపరీక్ష. స్పెషలిస్టు అవసరమనుకుంటే ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ), థైరాయిడ్ యాంటీబాడీలు. గొంగళితో రుద్దడం కూడా మానండి, రుద్దితే ఇంకా లేస్తాయి.

మందు దగ్గర జరిగే తప్పు, లేచినప్పుడు ఒక మాత్ర వేసుకొని ఊరుకోవడం. సెట్రిజిన్ 10, లివోసెట్రిజిన్ 5, ఫెక్సోఫెనాడిన్ 180, బిలాస్టిన్ 20 మిల్లీగ్రాములు, వీటిలో ఏదో ఒకటి దద్దురు ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలి. బిలాస్టిన్ తిండికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత. అదీ, ఫెక్సోఫెనాడినూ పండ్లరసంతో మింగితే ఒంటికి సరిగా పట్టవు. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గకపోతే డాక్టరు ఆ మోతాదును నాలుగు రెట్లదాకా పెంచవచ్చు. అప్పటికీ లొంగకపోతే నాలుగు వారాలకోసారి ఒమాలిజుమాబ్ 300 మిల్లీగ్రాముల ఇంజెక్షన్. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మాత్రం వద్దు. పాతకాలపు అలర్జీ మాత్ర అవిల్ వేసుకొని ఘాట్ రోడ్డులో బండి నడపొద్దు, తూగుతారు.

తగ్గుతోందో లేదో అంచనాగా కాదు, మార్కులు వేసుకోండి. 24 గంటల్లో దద్దుర్లు లేకపోతే 0, 20 లోపైతే 1, 20 నుంచి 50 అయితే 2, అంతకు మించితే 3. దురదకు కూడా 0 నుంచి 3. ఏడు రోజులవీ కూడితే ఎక్కువలో ఎక్కువ 42 మార్కులు. వారం మొత్తం 6 దాటకుండా ఉంటే మందు పనిచేస్తున్నట్టే. చాలామందికి 1 నుంచి 5 ఏళ్ళలో దానంతటదే సద్దుమణుగుతుంది.

పెదవి, రెప్ప వాపు చర్మం లోపలి పొరలో వచ్చేది, 72 గంటలదాకా ఉండొచ్చు. దీర్ఘకాలిక దద్దుర్లున్నవాళ్ళలో దాదాపు సగం మందికి ఇదీ ఉంటుంది. గొంతు మారినా, మింగుడు పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా 108కి ఫోన్ చేసి, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. ఊపిరాడనివాళ్ళను కూర్చోనివ్వండి. అక్కడ ప్రాణం నిలిపేది అవిల్ కాదు, తొడ బయటివైపు కండలోకి ఇచ్చే అడ్రినలిన్, పెద్దవాళ్ళకు అర మిల్లీగ్రాము.

దద్దురు, దురద ఏమీ లేకుండా వట్టి వాపే మాటిమాటికీ వస్తుంటే దారి వేరు. వంశంలో వచ్చే రకం 50 వేల మందిలో ఒకరికి ఉంటుంది, రక్తంలో సీ4 అనే ప్రొటీన్ పరీక్ష చేయిస్తారు. దానికంటే ఎక్కువగా కనిపించేది బీపీ మాత్రల వల్ల వచ్చే వాపు. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ వాడేవాళ్ళలో వెయ్యికి ఒకరి నుంచి ఏడుగురిదాకా వస్తుంది, ఏళ్ళ తరబడి వాడాక కూడా రావచ్చు. అలర్జీ మందులకు తగ్గదు. మీ ఇంట్లో పెదవి వాచినవారి వయసెంతో, బీపీ ఉందో లేదో మీరు రాయలేదు. మాత్రల షీటు తిప్పి చూడండి. పేరు చివర "ప్రిల్" అని ఉంటే రేపటి మాత్ర వేసుకోకముందే, ఇవాళే డాక్టరు దగ్గరికెళ్ళి మార్పించండి.