కొత్త ప్లేయర్ రేటు తెలియక చవగ్గా అమ్ముతుంటే కొనేయడం తప్పా?

తప్పే అండీ. తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు. మీరు అడిగింది ఏంటంటే, ఆన్‌లైన్ గేమ్‌లోకి కొత్తగా వచ్చిన ఒకతను 9000 గోల్డ్ (గేమ్‌లో వాడే డబ్బు) పలికే ఉంగరాన్ని రేటు తెలియక 200కి అమ్ముతానని చాట్‌లో పెట్టాడు, మీరు కొనేశారు, ఇప్పుడు గిల్డ్‌లో, అంటే మీతో కలిసి ఆడే గ్రూపులో, కొంతమంది తిడుతున్నారు, కొంతమంది బిజినెస్ అంటే అంతే అంటున్నారు, ఎవరిది కరెక్టు అని. తిట్టేవాళ్ళదే కరెక్టు. "రేటు పెట్టింది అతనే కదా, నేనేమైనా బలవంతం చేశానా" అని మీరు రాశారు చూడండి, అది చదివాకే ఈ ఆన్సర్ రాయాలనిపించింది, ఎందుకంటే ఒకప్పుడు ఆ కొత్తవాళ్ళ ప్లేస్‌లో నేనున్నా.

ఏ గేమ్ అనేది వదిలేయండి. అప్పటికి నేను ఆడటం మొదలుపెట్టి మూడు వారాలైంది. నలుగురం కలిసి ఒక గుహలో బాస్‌ని, అంటే అక్కడి పెద్ద శత్రువుని, కొడితే నాకు విల్లు తాలూకు పైకొమ్మ ఒకటి పడింది, విరిగిపోయి బూడిద రంగులో ఉంది, కింద వివరం కూడా ఒక్క లైనే. పదకొండు రోజులు బ్యాగులో పడి ఉంది. చివరికి బ్యాగులో జాగా చాలక అమ్మేద్దాం అనుకున్నా. గేమ్‌లో ఉండే షాపువాడు 40 గోల్డ్ ఇస్తానన్నాడు, మనుషులకి అమ్మితే ఇంకాస్త వస్తుందేమో అని ట్రేడ్ చాట్‌లో 300 అని పెట్టా. అప్పటి నా లెక్కలో 300 అంటే చాలా ఎక్కువ, గుర్రం కొనడానికి 5000 కావాలి, నా దగ్గర మొత్తం కలిపి ఆరేడు వందలున్నాయేమో.

పెట్టి పది సెకన్లు కాలేదు, మెసేజ్‌లు మీద పడిపోయాయి. నేను తీసుకుంటా, 300 రెడీ, ఎక్కడున్నావ్, ఇన్వైట్ పంపు, ఒకడైతే 350 ఇస్తా వాళ్ళెవరికీ ఇవ్వకు అని. అక్కడే అనుమానం రావాలి, రాలేదు, అందరూ అడుగుతున్నారని సంతోషం అంతే. మొదట మెసేజ్ పెట్టినతనికి సరే అన్నా కాబట్టి 350 అన్నవాడికి సారీ కూడా చెప్పా. అతను బ్యాంకు దగ్గరికి వచ్చాడు, ట్రేడ్ విండో తెరుచుకుంది, నా వైపు విరిగిన కొమ్మ, అతని వైపు 300. నేను వెంటనే యాక్సెప్ట్ కొట్టేశా, నా గడి పచ్చగా అయిపోయింది. అతను మాత్రం కొట్టడం లేదు. ఇంటర్నెట్ పోయిందేమో అనుకున్నా. పది పదిహేను సెకన్లు అలాగే ఉండి విండో క్యాన్సిల్ అయిపోయింది.

తర్వాత మెసేజ్ వచ్చింది. "ఎన్నాళ్ళైంది బ్రో ఆడుతూ?" మూడు వారాలు అన్నా. "దీని రేటు 11000. నా మాట నమ్మకు, ప్రైస్ సైట్‌లో పేరు కొట్టి చూసుకో, నేనిక్కడే ఉంటా."

ప్రైస్ సైట్ అనేది ఒకటుంటుందని అప్పటిదాకా నాకు తెలీదు. వెతికి పట్టుకుని చూస్తే 10900, 11000, 11400, అలా వరసగా ఉన్నాయి, ఒక్కసారిగా చేతులు చల్లబడ్డాయి. నేను ఇటు చూస్తూ ఉన్నప్పుడు అటు గేమ్‌లో మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, అందులో ఒకడు "ఇంకా అమ్మలేదా, నిన్నటి అప్‌డేట్‌లో దాని రేటు పడిపోయింది, పోనీ 400 తీసుకో" అన్నాడు. పచ్చి అబద్ధం. అలాంటి మాటలు గబగబా టైప్ చేసేవాళ్ళకి అవతల కూర్చున్నది కూడా ఒక మనిషే అన్న ఆలోచన ఒక్క క్షణమైనా వస్తుందా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

సరే, తిరిగొచ్చి చూశా అని చెబితే ఆ మొదటతను ఏమన్నాడంటే, "10500కి ఇస్తావా, నా దగ్గర ఉన్నది అంతే, తొందరేం లేదు, కావాలంటే 11000కి చాట్‌లో పెట్టుకో, సాయంత్రంలోపు పోతుంది." అంటే బేరం ఆడాడు! ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం అదే. అతనేం దానం చేయలేదు, 500 మిగిలేలా చూసుకున్నాడు, కానీ నాకు అంతా తెలిశాక చూసుకున్నాడు. 10500కే ఇచ్చేశా, ఇచ్చినందుకు ఈ రోజుకీ బాధ లేదు. గుర్రం ఆ రాత్రే కొన్నా.

అందుకే లాభం చూసుకోవడం తప్పని నేననను. తక్కువలో కొని ఎక్కువలో అమ్మే పని నేనూ రోజూ చేస్తా, అలా కొనేవాళ్ళు లేకపోతే అర్జెంటుగా అమ్ముకోవాల్సినవాళ్ళకి కొనేవాడే దొరకడు. కానీ అక్కడ అమ్మేవాడికి రేటు తెలుసు, తెలిసే తొందర కోసం కొంచెం వదులుకుంటున్నాడు. మీ దగ్గర అలా జరగలేదు. రేటు పెట్టాలంటే ముందు రేటు తెలియాలి కదా, తెలియనివాడు వేసిన అంకెని రేటు అనడమేంటి. మీకు తెలుసు, అతనికి తెలియదు, అతనికి తెలియదన్న సంగతి కూడా మీకు తెలుసు. అప్పుడు నోరు మూసుకుని యాక్సెప్ట్ కొట్టడం అంటే టోపీ పెట్టడమే, ఇంకో పేరు లేదు దానికి.

ఇంకో సంగతి చెప్తా. రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో 2007లో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అని, కొనేవాళ్ళ అమ్మేవాళ్ళ ఆర్డర్లని తనే కలిపే మార్కెట్ ఒకటి పెట్టారు, అంతకుముందు జనం బ్యాంకుల ముందు నిలబడి అమ్ముతా కొంటా అని టైప్ చేసుకుంటూ ఉండేవాళ్ళు. ఆ ఎక్స్ఛేంజ్‌లో ఎవరైనా ఒక వస్తువుని 9000కి కొంటానని ముందే ఆర్డర్ పెట్టి ఉంటే, తెలియనివాడు వచ్చి అదే వస్తువుని 200కి పెట్టినా అతనికి 200 రాదు, ఆ 9000 రేటుకే అమ్ముడుపోతుంది. చూశారా, మిషనే కొత్తవాడి తరఫున నిలబడింది. అదే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాంటి గేమ్‌ల వేలం పద్ధతిలో బైఅవుట్, అంటే వెంటనే కొనేసే రేటు, చవగ్గా పెడితే ముందు చూసినవాడు ఎగరేసుకుపోతాడు, అంతే. ఇక చేతికి చేయి మార్చుకునే ట్రేడ్‌లో మిషన్ కూడా లేదు, ఇద్దరు మనుషులు మాత్రమే ఉంటారు, అక్కడ కొత్తవాడి తరఫున నిలబడాల్సింది రెండో మనిషే.

మీ గిల్డ్‌లో ఎవరో ఒకరు ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్షం గేమ్ పేరు ఎత్తే ఉంటారు, ఎప్పుడూ ఎత్తుతారు. అవును, అందులో ప్లేయర్లు ఒకరినొకరు మోసం చేసుకోవడాన్ని రూల్స్‌లోనే చాలావరకు ఒప్పుకుంటారు, పెద్ద మార్కెట్ ఉండే జీటా అనే నక్షత్ర మండలంలోకి వెళ్తే చాట్ అంతా డబ్బు పంపండి డబుల్ చేసి ఇస్తాం అనేవాళ్ళే. కానీ అక్కడికి వెళ్ళేవాడికి ఆ పేరు ముందే తెలుసు, జాగ్రత్తగానే వెళ్తాడు. మీది అలాంటి గేమ్ కాదు, అతను అలా సిద్ధపడి రాలేదు. ఒక గేమ్ పద్ధతి తెచ్చి ఇంకో గేమ్‌లో కొత్తవాళ్ళ మీద రుద్దడం ఏం న్యాయం?

అసలు ప్లేయర్లు తమంతట తాము పద్ధతిగా ఉండకపోతే ఏమవుతుందంటే కంపెనీ కంచె వేస్తుంది, కంచె వేస్తే మంచివాళ్ళే ముందు ఇరుక్కుంటారు. అదే రూన్‌స్కేప్‌లో బయట నిజం డబ్బుకి గోల్డ్ అమ్ముకునేవాళ్ళ గోల భరించలేక 2008 జనవరిలో ట్రేడ్ మీద పరిమితి పెట్టారు, ఒక హద్దు దాటి రెండు వైపులా విలువలో తేడా ఉంటే ట్రేడే అవ్వదు, అంటే ఫ్రెండ్‌కి మంచి కత్తి ఒకటి ఊరికే ఇద్దామన్నా కుదరదు. 2011 ఫిబ్రవరిలో గానీ అది తీసేయలేదు. మూడేళ్ళు! ఎవరో కొందరి అత్యాశకి అందరి గిఫ్టులూ ఆగిపోయాయి.

పనిలో పని ఇంకోటి, ఇది మీ ప్రశ్నలో లేదు, అయినా చెప్పాలి. ట్రేడ్ సైట్‌లో కావాలని తక్కువ రేటు పెట్టి ఎవరు అడిగినా రిప్లై ఇవ్వకుండా కూర్చునే బ్యాచ్ ఒకటుంది. వాళ్ళకి అమ్మే ఉద్దేశమే ఉండదు, ఆ రేటు చూసి కొత్తవాళ్ళు తమ వస్తువు కూడా అంతే అనుకుని తక్కువకి పెడితే కొనేయడానికి వేసే ఎర అది. పాత్ ఆఫ్ ఎక్సైల్ ఆడేవాళ్ళకి బాగా తెలుసు ఈ బాధ. అందుకే నేను ఎవరికి రేటు చూసుకోమని చెప్పినా, అన్నిటికంటే కింద ఉన్న రెండు మూడు అంకెలు నమ్మొద్దు, నిజంగా అమ్ముడుపోయిన రేట్లు కనిపిస్తే అవి చూడు అని చెప్తా. అలాగే సరే అని మాటిచ్చి ఇంకోడు 50 ఎక్కువ అనగానే మాయమైపోయేవాళ్ళు, వస్తువుని నలుగురిలో "చెత్త, ఎవడు కొంటాడు" అని తీసిపారేసి తర్వాత పక్కకి పిలిచి అదే అడిగేవాళ్ళు... వీళ్ళ గురించి రాస్తే తెల్లారిపోతుంది.

నేను చెప్పినంత మాత్రాన అవతలివాళ్ళు వింటారని కూడా లేదు. పోయిన ఏడాది ఒక కొత్త ప్లేయర్ 150కి పెట్టిన కవచం చూసి, "ఇది 4000 ఉంటుంది, నాకు 3800కి ఇస్తావా" అని ఒకే మెసేజ్‌లో పెట్టేశా. అతను భయపడిపోయాడు, ఇదేదో మోసం అనుకుని నన్ను బ్లాక్ చేసి, చాట్‌లో 150 అన్నవాడికే ఇచ్చేశాడు. చాలా రోజులు మనసులో పీకింది. నా కొమ్మ కొన్నతను నా విషయంలో ఏం చేశాడో మళ్ళీ గుర్తు చేసుకుంటే అప్పుడర్థమైంది, అతను ముందు విండో మూశాడు, నా మాట నమ్మకు నువ్వే చూసుకో అన్నాడు, నేను చూసి వచ్చాకే తన బేరం చెప్పాడు. రేటు చెప్పడం, ఆఫర్ పెట్టడం రెండూ ఒకే ఊపిరిలో చేస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. ఇప్పుడు నేను కూడా ముందు చూసుకోమని చెప్పి ఆగుతున్నా, అవతలివాళ్ళు వేరేవాళ్ళకి అమ్ముకున్నా పర్లేదు.

మీరు ఆ ఉంగరం ఇంకా అమ్మలేదని కామెంట్లలో రాశారు కదా. అతని పేరు మీ ట్రేడ్ హిస్టరీలో ఉంటుంది. "రేటు చూసుకో, ఉంగరం కావాలంటే నా 200 నాకిచ్చి తీసుకో, లేదంటే 8500కి నేనే ఉంచుకుంటా, మిగతా 8300 పంపిస్తా" అని ఒక మెసేజ్ పెట్టండి. అతను కొత్తవాడు, ఇలా పోయిందని తెలిస్తే రెండోసారి లాగిన్ అవుతాడో లేదో, కాబట్టి ఈ రోజే పెట్టండి.