రేడియో చదివిన వారికి లైఫైలో చోటుందా?

ప్రశ్న: నేను ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. కాంతి ద్వారా డేటా పంపే లైఫైపై పరిశోధన చేయాలని ఉంది. అయితే మా కాలేజీలో ఆప్టిక్స్ లోతుగా చెప్పరు. లైఫైకి ఆ పేరు పెట్టిన ప్రొఫెసర్ హెరాల్డ్ హాస్ మొదటి నుంచీ ఆప్టిక్స్ చదివినవారేనా? నాలాంటి వారికి ఈ రంగంలో అవకాశం ఉంటుందా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: హాస్ మొదట రేడియో మనిషి. జర్మనీకి చెందిన ఆయన సీమెన్స్‌లో ఇంజినీరుగా పనిచేసి, 2001లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆ పరిశోధన మొబైల్ నెట్‌వర్కుల్లో సిగ్నళ్లు ఒకదానికొకటి అడ్డుతగిలే సమస్య గురించినది. తర్వాత బ్రెమెన్‌లో అధ్యాపకులుగా ఉన్నప్పుడు, రేడియోలో బాగా పాతుకుపోయిన ఓఎఫ్‌డీఎం (డేటాను ఎన్నో ఫ్రీక్వెన్సీల మీద పంచి ఒకేసారి పంపే) పద్ధతిని ఎల్‌ఈడీ దీపంతో నడపవచ్చని 2006లో సహచరులతో కలిసి చూపించారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రేడియో సిగ్నల్‌కు ధన, రుణ విలువలు రెండూ ఉంటాయి, ఫేజ్ (తరంగం తన చక్రంలో ఏ దశలో ఉందో చెప్పేది) కూడా ఉంటుంది. ఎల్‌ఈడీలో మనం మార్చగలిగింది వెలుగు తీవ్రత ఒక్కటే, అది ఎన్నడూ సున్నా కంటే తగ్గదు. అందుచేత సబ్‌క్యారియర్లను, అంటే ఓఎఫ్‌డీఎంలో డేటాను మోసే ఒక్కో ఫ్రీక్వెన్సీని, జంటలుగా అమర్చి సిగ్నల్‌ను వాస్తవ సంఖ్యలకు పరిమితం చేయాలి; ఆపైన డీసీ బయాస్ (మారని ఒక స్థిర విలువ) కలిపి మొత్తాన్ని సున్నాకు పైకి ఎత్తాలి, లేదా రుణ భాగాన్ని కత్తిరించినా సమాచారం చెడని విధంగా సిగ్నల్‌ను రూపొందించాలి. బయాస్ పెంచితే విద్యుత్తు వృథా అవుతుంది, తగ్గిస్తే సిగ్నల్ వికృతమవుతుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో నీలి వెలుగును తెల్లగా మార్చే ఫాస్ఫర్ పూత నెమ్మదిగా స్పందించడం వల్ల బ్యాండ్‌విడ్త్ కొన్ని మెగాహెర్ట్జ్‌లకే పరిమితం కావడం మరో ఇబ్బంది. ఈ ప్రశ్నలను విప్పడానికి కావలసింది ముఖ్యంగా సిగ్నల్ ప్రాసెసింగ్, ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా; వీటి పునాది ఈసీఈలోనే పడుతుంది.

హాస్ 2007లో ఎడిన్‌బరోకు తిరిగి వచ్చారు. 2011లో ఒక టేబుల్ దీపం వెలుగుతో వీడియో పంపి చూపించిన టెడ్ ప్రసంగంతో లైఫై పేరు లోకానికి తెలిసింది. 2012లో ఆయన సహవ్యవస్థాపకులుగా ఒక సంస్థ మొదలైంది. అయినా 2023లో వచ్చిన ఐఈఈఈ 802.11బీబీ అనే లైఫై ప్రమాణం దీపపు వెలుగును కాక, కంటికి కనబడని 800 నుంచి 1000 నానోమీటర్ల పరారుణ కాంతిని ఎంచుకుంది. ఈ మార్పును గమనించకుండా కేవలం దీపాల మీదే పరిశోధనాంశం ఎంచుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం.

ఆరుబయట పని మీకు నచ్చితే, 2017లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్ అనే పరిశోధన విభాగం కలిసి, కేబుల్ లేకుండా గాలిలోనే కాంతి కిరణంతో డేటా పంపే 2,000 లింకులు ఏర్పాటు చేస్తామని ప్రకటించిన సంగతి చూడండి. అక్కడ పొగమంచు, గురి తప్పకుండా కిరణాన్ని నిలపడం ప్రధాన సమస్యలు.

ముందుగా డీసీ బయాస్ ఉన్న ఓఎఫ్‌డీఎంను పైథాన్‌లో మీరే సిమ్యులేట్ చేసి, బయాస్ మారుతుంటే తప్పుల రేటు ఎలా మారుతుందో గ్రాఫ్ గీయండి. ఆ తర్వాత గదిలో పరారుణ కాంతి ప్రసారంపై కాన్, బ్యారీ 1997లో రాసిన పత్రం చదివితే, ఎంటెక్‌లో గైడ్‌ను ఏమి అడగాలో మీకు స్పష్టమవుతుంది.