రాతి పరీక్షల ప్రాజెక్టుతో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: మైనింగ్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. నాకు రాతి టెన్సైల్ స్ట్రెంత్ (లాగుడును తట్టుకునే బలం) కొలిచే ప్రాజెక్టు ఇచ్చారు. ఫ్రెండ్సంతా సాఫ్ట్‌వేర్ మోడలింగ్ తీసుకున్నారు. వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. ప్రాజెక్టు మార్చుకోమంటారా?

జవాబు: మార్చుకోవద్దు. మీ ఫ్రెండ్స్ మోడల్‌లోకి వెళ్లే అంకె పుట్టేది మీ ల్యాబ్‌లోనే.

రాయి నొక్కితే బాగా తట్టుకుంటుంది, లాగితే తొందరగా విడిపోతుంది. లాగుడుకు దాని బలం చాలా రాళ్లలో నొక్కుడు బలంలో పదో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. గని పైకప్పు పొర కిందికి వంగితే మధ్యలో దాని అడుగువైపు సాగుతుంది. దాని కిందే మనుషులు పనిచేస్తుంటారు. అందుకే ఈ అంకె విషయంలో అజాగ్రత్త పనికిరాదు.

మీరు చేసేది బహుశా బ్రెజిలియన్ టెస్టే. 1943లో బ్రెజిల్ ఇంజినీరు ఫెర్నాండో కార్నెయిరో కాంక్రీటు కోసం ప్రతిపాదించిన పద్ధతి అది. సుమారు 54 మి.మీ. వ్యాసం, అందులో సగం మందం ఉన్న రాతి బిళ్లను యంత్రం రెండు దవడల మధ్య అంచు మీద నిలబెట్టి పైనుంచి నొక్కుతారు. లోపల అడ్డంగా లాగుడు పుట్టి బిళ్ల నిలువునా చీలుతుంది. 20 కిలోన్యూటన్ల దగ్గర చీలితే బలం సుమారు 8.7 మెగాపాస్కల్స్. లెక్క నిమిషం పని. చీలిన బిళ్లను చేతిలోకి తీసుకుని చూడటమే అసలు పని. పగులు నడిమధ్య నుంచి సాగిందా, దవడల దగ్గర నలిగి పక్కకు తిరిగిందా? పొరల రాయైతే పొర వెంట ఊడిందా? పగులు దవడల దగ్గర మొదలైతే ఆ అంకెను సగటులో కలపకండి. ఎందుకు తీసేశారో ఫొటోతో సహా రాసి పెట్టుకోండి.

వీలైతే కొన్ని నమూనాలకు నేరుగా లాగే పరీక్ష కూడా చేయండి. రెండు చివర్లా ఎపాక్సీతో మూతలు అతికించి, ఏమాత్రం వంకర లేకుండా లాగాలి. కష్టమే, కానీ రెండు అంకెలూ ఎందుకు కలవవో అప్పుడే బోధపడుతుంది. బ్రెజిలియన్ విలువ తరచూ ఎక్కువగా వస్తుంది. పైగా గనిలోని రాయికి కీళ్లు, అంటే సహజంగా ఏర్పడిన పగుళ్లు ఉంటాయి, వాటి దగ్గర లాగుడు బలం దాదాపు సున్నా.

మోడలింగ్ చివరి ఏడాది నేర్చుకోండి, మీ సొంత అంకెలతోనే. జియోటెక్నికల్ (నేల, రాతి బలాన్ని అంచనా వేసే), గ్రౌండ్ కంట్రోల్ (గని కూలకుండా చూసే) ఉద్యోగాల ఇంటర్వ్యూలకు ఆ ఫొటోల రిజిస్టర్ వెంట తీసుకెళ్లండి. ‘ఈ విలువ ఎలా వచ్చింది?’ అని అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.