ఉద్యోగంలో చేరబోతున్న బుజ్జికి

బుజ్జీ,

సోమవారం నానక్‌రామ్‌గూడలో ఉద్యోగంలో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. ఫోనులో చెబితే గాలికి పోతాయని ఉత్తరం రాస్తున్నాను.

నేను 2000 వేసవిలో ఈ నగరానికి వచ్చేనాటికి సైబర్ టవర్స్ ప్రారంభమై రెండేళ్లు కూడా కాలేదు. దాని చుట్టూ ఇంకా బండరాళ్లే. అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో జావా, ఒరాకిల్ నేర్చుకున్నాను. ఆ తరగతుల్లో చెప్పినవాటిలో చాలా భాగం ఇప్పుడు ఎవరూ అడగరు. ఆ తర్వాత అలవాటైన ఒక గుణం మాత్రం ఇప్పటికీ అన్నం పెడుతోంది. పని ఎక్కడ ఆగిందో, ఎక్కడ చెడిందో, అక్కడే నోరు తెరిచి చెప్పడం.

అది ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక శుక్రవారం సాయంత్రం, ఒకే ఒక్క కస్టమర్ చిరునామా సరిచేయమన్నారు. ప్రొడక్షన్ డేటాబేస్‌లో, అంటే కస్టమర్లు నిజంగా వాడుతున్న డేటాలో, నేరుగా అప్‌డేట్ రాశాను. ఏ రికార్డు మార్చాలో చెప్పే ‘వేర్’ షరతు రెండో వరుసలో ఉంది. నేను మౌస్‌తో మొదటి వరుస మాత్రమే ఎంచుకొని నడిపాను. ఒక్క రికార్డు మారిందని రావలసిన చోట పద్దెనిమిది వేల పైచిలుకు అంకె కనిపించింది. మార్పు వెంటనే ఖాయమైపోయే ఆటో కమిట్ పెట్టి ఉంది, వెనక్కి తీసుకునే దారి లేదు. చేతులు చల్లబడ్డాయి. ఎవరికీ చెప్పకుండా నలభై నిమిషాలు నేనే బాగుచేయాలని చూశాను. ఆ నలభై నిమిషాలూ కొత్త ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి, అన్నీ ఒకే చిరునామాకు.

చివరికి మా టీమ్ లీడ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ తిట్టలేదు. ‘సరిగ్గా ఎన్ని గంటలకు నడిపావు?’ అని మాత్రం అడిగారు. నేను చెప్పలేకపోయాను. ముందు రాత్రి బ్యాకప్‌లో పాత చిరునామాలు దొరికాయి. కొత్త ఆర్డర్లను మాత్రం ఒక్కొక్కటిగా సరిచూస్తూ నలుగురం తెల్లవారేదాకా కూర్చున్నాం. మొదటి నిమిషంలోనే చెప్పి ఉంటే అప్లికేషన్ ఆపేసి, గంటలో ఇంటికి వెళ్లేవాళ్లం.

అందుకే చెబుతున్నాను. డేటా మార్చే ముందు అదే షరతుతో సెలెక్ట్ (రికార్డులను చూపించడమే తప్ప మార్చని ఆదేశం) నడిపి, ఎన్ని రికార్డులు వస్తాయో చూడు. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి మార్చు. అంకె సరిపోతేనే కమిట్ చేసి ఖాయం చెయ్యి, లేకపోతే రోల్‌బ్యాక్ చేసి వెనక్కి తీసుకో. ఇంత చేసినా ఏదో ఒక రోజు పొరపాటు జరుగుతుంది. అప్పుడు ఏం నడిపావో, ఎప్పుడు నడిపావో టీమ్‌లో అందరికీ కనిపించే చోట వెంటనే రాసెయ్యి.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని నేర్పారు. ఆ మర్యాద ఆఫీసులో మరో రూపం ఎత్తుతుంది. గురువారానికి అయిపోతుందా అని మేనేజర్ అడిగితే, అవదని తెలిసి కూడా ‘అయిపోతుంది సార్’ అంటాం. ఆయన మాట నమ్మి ఇంకొకరు తమ పని అమర్చుకుంటారు. ఆలస్యమవుతుందని మంగళవారమే చెప్పడం నిజమైన మర్యాద. ‘లాగిన్ భాగం అయింది, పేమెంట్ భాగానికి ఇంకో రెండు రోజులు కావాలి’ అని చెబితే ఏ మంచి మేనేజరూ తప్పు పట్టడు. తప్పు పట్టే మనిషైతే, ఆ సంగతి ముందే తెలియడం నీకే మంచిది.

ఎక్కడైనా ఇరుక్కుంటే అరగంటో గంటో సొంతంగా ప్రయత్నించు, తర్వాత అడుగు. ‘పని చేయడం లేదు’ అని అడగకు. ఏం చేయాలనుకున్నావు, ఏం చేశావు, ఎర్రర్‌లో ఉన్నదున్నట్టుగా ఏముంది, ఇప్పటికి ఏమేం ప్రయత్నించావు, ఈ నాలుగూ రాయి. రాస్తుండగానే సగం సార్లు జవాబు నీకే తడుతుంది. దొరికిన జవాబు నోట్‌బుక్‌లో ఎక్కించుకో.

నీ కోడ్‌ను తోటివాళ్లు చదివి తప్పులు చూసే కోడ్ రివ్యూకు చిన్న చిన్న ముక్కలుగా పంపు. వంద వరుసలైతే శ్రద్ధగా చదువుతారు, రెండు వేలు పంపితే పైపైన చూసి సరే అంటారు. ఏఐ రాసిచ్చిన కోడ్ వాడుకో, తప్పులేదు. కానీ ఏ వరుస ఎందుకుందో నువ్వు వివరించలేకపోతే దాన్ని పంపకు. కంపెనీ అనుమతించని బయటి సాధనాల్లో కంపెనీ కోడ్‌ గానీ కస్టమర్ల వివరాలు గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకు.

డబ్బు సంగతి రెండు ముక్కలు. సీటీసీ, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు, ఆ అంకె చూసి ఖర్చులు లెక్క వేసుకోకు. కంపెనీ తన వంతు కట్టే పీఎఫ్‌ను, చాలాచోట్ల గ్రాట్యుటీని కూడా అందులోనే కలిపి చూపిస్తారు. ఉద్యోగం మారినా నీ పీఎఫ్ గుర్తింపు నంబరు యూఏఎన్ మారదు. పీఎఫ్ డబ్బు తీసేయకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించుకో. అయిదేళ్ల సర్వీసు నిండకముందే తీస్తే పన్ను పడే అవకాశం ఉంది.

రాత్రి పొద్దుపోతే ఆఫీసు క్యాబ్‌లోనే రా. క్యాబ్ అడగడానికి మొహమాటపడకు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రా, పెద్దమ్మ ఎదురుచూస్తోంది. ఆఫర్ లెటర్ మర్చిపోకుండా తెచ్చుకో. నోటీసు పీరియడ్ ఎన్ని రోజులో, ఇన్నాళ్లు తప్పక పనిచేయాలనే బాండ్ షరతులేమైనా ఉన్నాయో సంతకం పెట్టే ముందు ఇద్దరం కూర్చుని చదువుదాం.

ఆశీస్సులతో,
పెదనాన్న