మిస్ట్ ఆడుతున్నారా? ముందు సౌండ్ పెట్టుకోండి

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. ఎవరూ కనిపించని ద్వీపంలో తిరుగుతూ, పజిళ్లు విప్పుతూ, పుస్తకాల ద్వారా వేరే లోకాలకు వెళ్లే 1993 నాటి కంప్యూటర్ గేమ్ మిస్ట్‌ని అందరూ అంతగా పొగుడుతుంటే మీకు మాత్రం అది స్లైడ్‌షోలా బోర్ కొడుతోంది. అందులోని రాకెట్‌లో సంగీతపు కీబోర్డు పజిల్ దగ్గర ఆగిపోయారు, వాక్‌త్రూ (పజిళ్ల జవాబులన్నీ చెప్పే గైడ్) చూడాలా వద్దా అని సందేహం. హాస్టల్లో రాత్రిపూట ఆడుతున్నారు కాబట్టి సౌండ్ ఆపేశారు. ఈ మూడోది మీరు మాటవరసకు రాసినట్టున్నారు. నాకైతే మొదటి రెండింటికీ కారణం అదేననిపిస్తోంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఎందుకో చెబుతాను. పజిళ్ల జవాబులు మాత్రం చెప్పను.

ముందు స్లైడ్‌షో సంగతి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్పోకేన్ దగ్గర, ర్యాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు సయాన్ అనే చిన్న సంస్థ పెట్టి ఈ గేమ్ తయారుచేశారు. అంతకుముందు వాళ్లు చేసినవి పిల్లల గేములు. 1988లో వచ్చిన ది మ్యాన్‌హోల్‌లో గెలవడం, ఓడటం అనేవే లేవు, అంతా తిరిగి చూడటమే. మిస్ట్‌ని మ్యాకింటాష్‌లో హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ మీద కట్టారు. సుమారు 2,500 దృశ్యాలను త్రీడీలో రెండర్ చేసి, 256 రంగులకు తగ్గించి సీడీలో పెట్టారు. క్లిక్ చేస్తే ఒక బొమ్మ పోయి ఇంకోటి వస్తుంది. అప్పటి సీడీ డ్రైవ్‌లు చాలా నెమ్మది. అంత వివరంగా గీసిన లోకంలో మనిషి నడుస్తున్నట్టు చూపించడం ఇళ్లలో ఉండే కంప్యూటర్ల వల్ల అయ్యేది కాదు. పుస్తకాల్లోంచి మాట్లాడే మనుషుల వీడియోలు చిన్న గడిలో ఉండటానికీ కారణం అదే.

దృశ్యం కదలదు కాబట్టి ఆ ద్వీపానికి ప్రాణం ఉందని మనకు చెప్పే పని చాలావరకు శబ్దం మీద పడింది. రేవులో నీళ్ల చప్పుడు, గాలి, దూరంగా ఏదో యంత్రం తిరుగుతున్న మోత. ఇవి తీసేస్తే మిగిలేవి 1993 నాటి రంగులు వెలిసిన బొమ్మలే. మీరిప్పుడు చూస్తున్నది వాటినే.

ఆ శబ్దాలు చేసిన తీరు తెలుసుకున్నాక నాకు ఈ గేమ్ మీద గౌరవం ఇంకా పెరిగింది. వాటిలో ఎక్కువ భాగం క్రిస్ బ్రాండ్‌క్యాంప్ చేశాడు. గేమ్‌లో కనిపించే బాయిలర్‌లో మంట చప్పుడు కోసం నిజమైన మంటను రికార్డు చేస్తే అది మంటలా వినిపించలేదట. చివరికి రాళ్లు పరిచిన దారి మీద కారును మెల్లగా నడిపి ఆ చప్పుడు పట్టారు. గడియార స్తంభం గంటలు ఒక రెంచితో చేసి, శ్రుతి కిందికి దించినవి. సంగీతం పెడితే వాతావరణం చెడుతుందేమోనని మిల్లర్ సోదరులు మొదట వద్దనుకున్నారు. ఒక చోట పెట్టి చూశాక మనసు మార్చుకున్నారు. రాబిన్ సుమారు 40 నిమిషాల సంగీతం చేశాడు. అది ఎప్పుడూ మోగుతూ ఉండదు. కొన్ని చోట్లకు వెళ్తేనే వస్తుంది, ఆ చోటు గురించి ఒక భయమో దిగులో మనలో పెట్టి పోతుంది.

ఇక మీరు ఆగిపోయిన రాకెట్. నేను మొదటిసారి ఆడింది డిగ్రీ రోజుల్లో, విజయవాడలో మా ఇంట్లో, అన్నయ్య తెచ్చిన సీడీతో. మా అమ్మ ఇంట్లోనే పిల్లలకు సంగీతం చెప్పేది. ఏ మెట్లు నొక్కాలో చూపించే బొమ్మ లైబ్రరీలోని పుస్తకంలో మీకు దొరికిందన్నారు కాబట్టి ఇది చెప్పినా నష్టం లేదు. కీబోర్డు రాకెట్‌లో ఒక చివర ఉంటుంది, ఐదు స్లైడర్లు ఇంకో చివర ఉంటాయి. ఇక్కడ విన్న స్వరాన్ని అక్కడి దాకా గుర్తుపెట్టుకుని వెళ్లి, స్లైడర్‌ని అదే స్వరానికి జరపాలి. మా ఇద్దరికీ నాలుగు క్లిక్కులు దాటేసరికి స్వరం జారిపోయేది.

పాఠం అయిపోయి అమ్మ ఇటు వచ్చింది. కంప్యూటర్ ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు. "మొదటిది మళ్లీ నొక్కరా" అంది. దాన్ని షడ్జమంగా పట్టుకుని, మిగతా నాలుగూ దానికి ఎంత పైన, ఎంత కింద ఉన్నాయో పాడి చూసింది. స్లైడర్ ఒక్కో మెట్టు కదిలితే అర స్వరం మారుతుంది. అంటే మన పన్నెండు స్వరస్థానాల లెక్క దానికి సరిగ్గా సరిపోతుంది. నేను మౌస్ లాగుతుంటే "ఇంకా పైకి, ఇంకాస్త, ఆ, అక్కడ ఆపు" అంటూ ఐదూ పెట్టించింది. మీట లాగితే పుస్తకం బయటికొచ్చింది. కథేమిటో, ఆ ద్వీపం ఎవరిదో అమ్మకు తెలియదు. ఆ రాత్రి మాత్రం మా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది, తర్వాతి లోకంలో ఏముందో చూడాలని.

ఆటగాళ్లలో చాలామంది ఈ పజిల్‌ని తిడతారు. సంగీతం రానివాళ్లకు ఇది అన్యాయం అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ దీనికి సంగీతం నేర్చుకోనక్కర్లేదు. స్వరాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకోండి, స్లైడర్ దగ్గర దాన్ని పెట్టి పోల్చండి. గిటార్ ట్యూనర్ యాప్ ఉంటే ఏ స్వరమో అదే చూపిస్తుంది. ఇది మోసం కిందికి రాదు, మీ దగ్గరున్న పనిముట్టుతో పజిల్ విప్పడమే. వినికిడి సమస్య ఉన్నవాళ్ల సంగతి వేరు. ఇక్కడా, ఇంకో రెండు చోట్లా పాత మిస్ట్‌లో వాళ్లకు వేరే దారి పెట్టలేదు. అది ఆ గేమ్‌లో నిజమైన లోపం. వాళ్లు ఏ మొహమాటం లేకుండా సాయం తీసుకోవాలి.

ఆ ఇంకో రెండు చోట్లూ రాకెట్ తీసుకెళ్లే సెలెనిటిక్ లోకంలోనే ఉన్నాయి. ఒక చోట నీళ్లు, మంట, గడియారం, స్ఫటికాలు, గాలి, ఈ ఐదు శబ్దాలనూ మైకులతో పట్టి, అవి ఏ వరుసలో రావాలో తెలుసుకోవాలి. అది హాయిగా సాగుతుంది. రెండోది భూమి లోపల పట్టాల మీద నడిచే బండి, చుట్టూ చీకటి, ప్రతి కూడలిలోనూ ఎటు తిప్పాలో తెలియదు. మిస్ట్ మీద వచ్చే తిట్లలో సగం దీనికే పడతాయి. ఊరికే తిప్పుతూ, కాగితం మీద దారులు గీసుకుంటూ బయటపడినవాళ్లే ఎక్కువ.

దీని గురించి ఒక్క హింట్ ఇస్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే అనవసరంగా గేమ్ మీద కోపం వస్తుంది. ఆ లోకానికి వెళ్లేముందు గేర్ల లోకం, అంటే మెకానికల్ ఏజ్, పూర్తి చేయండి. అక్కడ కోటను తిప్పుతున్నప్పుడు వినిపించే ప్రతి శబ్దాన్నీ రాసుకోండి. ఇంతకంటే చెప్పను. మా అన్నయ్య ఆ బండిలో కూర్చుని ఒక్కసారిగా "ఈ చప్పుడు ఎక్కడో విన్నాం కదరా!" అన్న క్షణం కోసమే ఈ గేమ్‌ని ఇంకా మోస్తున్నాను. ఒక లోకంలో పాఠం చెప్పి, ఇంకో లోకంలో పరీక్ష పెట్టి, రెండింటికీ సంబంధం ఉందని ఎక్కడా చెప్పకుండా మన తెలివిని నమ్మారు.

కథ లేదనే విమర్శ కూడా ఈ గేమ్ మీద ఉంది. ఎర్ర పుస్తకంలో సిర్రస్, నీలం పుస్తకంలో అకెనార్, ఇద్దరూ చిక్కుకుని ఉన్నారు. తప్పంతా రెండోవాడిదే, నా పుస్తకంలోంచి పోయిన పేజీలు తెచ్చిపెట్టు అంటారు ఇద్దరూ. పేజీ దొరకగానే పరుగెత్తుకొచ్చి పెట్టేస్తే కథ నిజంగానే కనిపించదు. సెలెనిటిక్ తప్ప మిగతా మూడు లోకాల్లోనూ ఆ ఇద్దరికీ గదులున్నాయి. అక్కడ ఆగండి, సొరుగులు తెరవండి, గోడల మీద ఏముందో చూడండి. లైబ్రరీలో వాళ్ల నాన్న అట్రస్ రాసుకున్న డైరీలు ఓపికగా చదవండి. అప్పుడు ఎవరి మాట నమ్మాలో మీకే ఒక అభిప్రాయం వస్తుంది. సంభాషణలు, వస్తువుల సంచి, నవ్వించే పాత్రలు ఉండే అడ్వెంచర్ గేములకు అలవాటుపడ్డ చాలామంది అప్పట్లో మిస్ట్‌ని ఖాళీ గేమ్ అన్నారు. వాళ్లు కోరుకున్నవి ఇందులో లేని మాట నిజం. ఇక్కడ చావు లేదు, శత్రువులు లేరు, టైమర్ లేదు. అందుకే అంతకుముందు గేములే ఆడనివాళ్లు కూడా దీన్ని కొన్నారు. 60 లక్షలకు పైగా కాపీలు అమ్ముడై, 2002లో ది సిమ్స్ అనే గేమ్ దాటేదాకా పీసీ గేముల్లో అమ్మకాల రికార్డు దీనిదే. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 2012లో తొలిసారి వీడియో గేములను తన సేకరణలో చేర్చుకున్నప్పుడు, ఆ పద్నాలుగింటిలో ఇదీ ఉంది.

వాక్‌త్రూ విషయంలో నా పద్ధతి చెబుతాను. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. కనిపించిన ప్రతి గుర్తునూ, అంకెనూ గీసుకోండి. ఏదైనా దగ్గర ఆగిపోతే ఆ పజిల్ వదిలేసి ఇంకో లోకానికి వెళ్లండి, నాలుగు లోకాలకూ ఏ వరుసలోనైనా వెళ్లొచ్చు. అప్పటికీ కదలకపోతే, "నేను చూడకుండా వదిలేసిన చోటు ఏదైనా ఉందా" అన్నంత వరకే అడగండి. జవాబు చూసేశారంటే ఆ పజిల్ మీకు మళ్లీ దొరకదు. జనరేటర్ దగ్గర పది బటన్లతో వోల్టేజీ కుదర్చడం లాంటివి మాత్రం కాగితం మీద కూడికలు వేసుకుంటే చాలు. ఎక్కువైతే బ్రేకర్ ట్రిప్ అవుతుంది, స్తంభం ఎక్కి మళ్లీ ఆన్ చేసుకోవచ్చు, టెన్షన్ పడకండి.

ఏ వెర్షన్ అంటే, పాత బొమ్మలు కంటికి ఆనకపోతే 2021లో పీసీకి వచ్చిన రీమేక్ తీసుకోండి. అందులో మనిషి నడిచినట్టే తిరగొచ్చు. పజిళ్ల జవాబులు మారిపోయేలా పెట్టుకునే సెట్టింగ్ కూడా ఉంది. వాక్‌త్రూ చూడాలన్న ఆశ ఆపుకోలేకపోతే అది ఆన్ చేయండి, అప్పుడు వేరేవాళ్ల అంకెలు మీకు పనికిరావు. ఎదురుగా ఉన్నదాన్ని నిదానంగా చూడటం మీకు ఇష్టమైతే 1993 నాటి దాన్నే కొనసాగించండి, నాకు ఇప్పటికీ అదే ఇష్టం.

పూర్తయ్యాక దీని తర్వాతి భాగం రివెన్ ఆడండి. 1997లో వచ్చింది, 2024లో రీమేక్ కూడా చేశారు. మిస్ట్ కంటే చాలా కష్టం, కథ కూడా చాలా మెరుగు. రాకెట్ దాటాక ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, జవాబు చెప్పకుండా ఎటు చూడాలో చెబుతాను.