పాత ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీనా, హార్డ్ డిస్కా?

ల్యాప్‌టాప్ ఆన్ కావడానికి నాలుగు నిమిషాలు పడుతోంది, ఫొటోలు, వీడియోలే 700 జీబీ ఉన్నాయి, ఏది కొనమంటారు అని అడిగారు కదండీ. రెండూ వాడండి, పనులు పంచేయండి.

విండోస్, సాఫ్ట్‌వేర్లు ఎస్ఎస్‌డీలో (చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్) ఉండాలి. 500 జీబీది చాలు. హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటే, చదివే హెడ్ సరైన చోటికి జరగాలి. ఒక్కో వెతుకులాటకి సుమారు 10 నుంచి 15 మిల్లీసెకన్లు. విండోస్ మొదలవుతూ వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది, ఆ కరకర చప్పుడు అదే. ఎస్ఎస్‌డీలో కదిలేదేమీ లేదు, అందుకే ఆ ఆలస్యం ఉండదు.

కొనేముందు ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ (సన్నటి పట్టీ లాంటి ఎస్ఎస్‌డీ దూర్చే చోటు) ఉందా, ఉంటే సాటాదా (పాత, నెమ్మది రకం కనెక్షన్) ఎన్‌వీఎంఈదా (కొత్త, వేగం రకం) అన్నది మాన్యువల్‌లో చూసుకోండి. నేను చూడకుండా తెప్పించి వెనక్కి పంపాను! స్లాట్ లేకపోతే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పాత డిస్కు చోట్లోనే కూర్చుంటుంది. వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, అయినా తేడా మీకు ఇట్టే తెలుస్తుంది.

తీసిన డిస్కుని యూఎస్‌బీ కేసులో పెట్టి ఫొటోలకి వాడుకోండి. ముందు డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూడండి; పసుపు రంగులో 'కాషన్' అని వస్తే ఆ ఫొటోలు ఈరోజే ఇంకోచోట కాపీ చేసేయండి.