యాప్ మీది, అందులోని రూల్స్ ఎవరివి?

ప్రశ్న: మేం ఆరుగురం ఫ్రెండ్స్ శనివారం రాత్రుళ్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి, పాచికలేస్తూ కథ నడిపే ఆట) ఆడతాం. కేరెక్టర్ షీట్ (మన పాత్ర వివరాలు, అంకెలు రాసుకునే కాగితం) చేత్తో లెక్కలేసుకోవడం విసుగొచ్చి నేనే ఒక యాప్ రాశాను, మావాళ్లకి బాగా నచ్చింది. ప్లే స్టోర్‌లో 499 రూపాయలకు ఒక్కసారి కొనుక్కునేలా పెడదామనుకుంటున్నాను. నెలనెలా చందా కట్టమనడం నాకే ఇష్టం లేదు. ఇది వర్కవుట్ అవుతుందా?
- ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: ధర సంగతి తర్వాత, ముందు ఇది చెప్పండి. యాప్‌లోకి స్పెల్స్ (మంత్రాలు), సబ్‌క్లాసులు (పాత్ర రకాల్లోని ఉపరకాలు) ఎక్కడి నుంచి ఎక్కించారు? కొన్న పుస్తకం చూసి టైప్ చేసి ఉంటే మాత్రం అమ్మకానికి పెట్టకండి. 2023 జనవరిలో ఈ ఆటను ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్, ఇతరులు దాని రూల్స్ వాడుకోనిచ్చే పాత లైసెన్సు మార్చబోయి, ఆటగాళ్లు మండిపడి ఆట ఆన్‌లైన్ సర్వీసు డీ అండ్ డీ బియాండ్ సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకుంటుంటే వెనక్కి తగ్గి, 2014 రూల్స్‌లో కొంత భాగమున్న ఎస్ఆర్‌డీ 5.1 అనే పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ (అందరూ వాడుకోనిచ్చే లైసెన్సు) కింద వదిలేసింది. అది ఎక్కడి నుంచి తీసుకున్నారో రాస్తే చాలు, ఎవరైనా అమ్ముకోవచ్చు. కానీ అందులో 12 క్లాసులు (పాత్ర రకాలు) ఉన్నా ఒక్కోదానికి ఒక్కటే సబ్‌క్లాస్, ఫీట్ (పాత్రకిచ్చే ప్రత్యేక నైపుణ్యం) కూడా ఒక్కటే. డబ్బు పెట్టి కొన్నవాళ్లు మొదటి రోజే మిగతావి ఏవని అడుగుతారు, అవి మీరు ఇవ్వలేరు.

ఈ వ్యాపారంలో అసలు డబ్బంతా ఆ మిగతావి ఉన్న పుస్తకాల్లోనే ఉంది. 2022లో విజర్డ్స్ మాతృసంస్థ హాస్‌బ్రో 14.63 కోట్ల డాలర్లు పెట్టి డీ అండ్ డీ బియాండ్‌ను కొన్నది కోడ్ కోసమని నేననుకోను, అప్పటికే దాంట్లో దాదాపు కోటి మంది రిజిస్టరై ఉన్నారు, వాళ్లకు అమ్మాల్సిన పుస్తకాలు హాస్‌బ్రో చేతిలోనే ఉన్నాయి. అక్కడ ఉచితంగా ఆరు కేరెక్టర్లు చేసుకోవచ్చు. పై రకం చందా కట్టిన ఒక్కరు తాము కొన్న పుస్తకాలను తమతో ఆడేవాళ్లందరికీ పంచొచ్చు, కాబట్టి చాలా చోట్ల ఆట నడిపించే డంజన్ మాస్టరే జేబులోంచి తీస్తారు. మీ ఆరుగురిలో కూడా ఎంతమంది 499 పెడతారో మొహమాటం లేకుండా అడిగి చూడండి.

ఇక పని. విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) నాలుగో లెవెల్‌లో కాన్‌స్టిట్యూషన్ (శరీర దారుఢ్యం) 13 నుంచి 14కి పెంచుకుంటే హిట్ పాయింట్లు (ప్రాణశక్తి) ఆ లెవెల్‌కే కాదు, వెనకటి మూడు లెవెల్స్‌కీ ఒక్కొక్కటి కలవాలి. ఇలాంటివి వందలుంటాయి, ఒకటి తప్పితే ఆట మధ్యలోనే మీకు మెసేజ్ వస్తుంది. 200 మంది కొన్నారనుకుందాం, 99,800 రూపాయలు. గూగుల్ వాటా 15 శాతం పోతే 84,830. ఒకసారి వచ్చే ఈ డబ్బుకు ఏళ్ల తరబడి రిపేర్లు చేస్తూ ఉండాలి!

అయినా చందా వద్దన్న మీ మాటే నాకూ నచ్చింది. 499 అనేది 2014 రూల్స్‌కి మాత్రమే అని ముందే స్పష్టంగా రాయండి. 2024 రూల్స్‌కి సంబంధించిన ఎస్ఆర్‌డీ కూడా 2025లో క్రియేటివ్ కామన్స్ కింద వచ్చింది, దాన్ని వేరే ధరకు అమ్మండి. వీలైతే పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట వైపు కూడా చూడండి, అక్కడ దాన్ని ప్రచురించే పైజో తన రూల్స్‌ను చాలావరకు ఓపెన్‌గా ఇస్తుంది కాబట్టి పాత్‌బిల్డర్ లాంటి చిన్న యాప్ కూడా ఒక్కసారి తీసుకునే కొద్దిపాటి ధరతో నిలబడగలిగింది.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి, షీట్‌ను పీడీఎఫ్‌గా దించుకునే బటన్ అందరికీ ఉచితంగా ఉంచండి. నేను మూడేళ్లు ఆడిన ఒక క్లెరిక్ (పూజారి పాత్ర) షీట్, నేను వాడే సర్వీసు మూతపడ్డాక మళ్లీ తెరుచుకోలేదు. రెండో లెవెల్‌లో తీసిన ప్రింటవుట్ ఒక్కటే, టీ మరకతో, నా దగ్గరుంది.